కాలువా, చెరువా? వంద ఫొటోలు ఒకేసారి డిజైన్‌లోకి తెచ్చేటప్పుడు

కడియపులంకలోని ఒక నర్సరీలో పనిచేసే యువకుడు తొలకరికి ముందు ఒక పెన్‌డ్రైవ్ పట్టుకుని నా దగ్గరకు వచ్చాడు. తమ దగ్గర దొరికే 120 రకాల మొక్కల ఫొటోలు, పేర్లు, ధరలతో ఒక కేటలాగ్ తానే తయారు చేసుకున్నాడు. నూరువరహాలు, నందివర్ధనం, కాగితపు పూలు, క్రోటన్లు, సపోటా అంట్లు, పొట్టి కొబ్బరి, ఇలా అన్నీ. ఇంక్‌స్కేప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో రాత్రులు కూర్చుని పేజీలు అమర్చాడు. తీరా ముద్రణకు ఇచ్చిన చోట ఫైలు తెరిస్తే పేర్లు ఉన్నాయి, ధరలు ఉన్నాయి, గళ్లు ఉన్నాయి. మొక్కలు మాత్రం లేవు. ప్రతి గడిలోనూ బొమ్మకు బదులు ఒక ఎర్రటి గుర్తు. "ఇంట్లో అన్నీ బాగానే కనిపించాయండీ. దారిలో ఎక్కడ పోయాయో తెలియడం లేదు" అన్నాడు.

దారిలో ఏవీ పోలేదు. ఆ ఫొటోలు అసలు ఇంటి నుంచి బయలుదేరనే లేదు.

ఇది ఒక్కరి కష్టం కాదు. డెల్టాలో ఏ ఊరికి వెళ్లినా ఫ్లెక్సీ కొట్టో, శుభలేఖలు వేసేచోటో, డీటీపీ సెంటరో కనిపిస్తుంది. వాటిలో పనిచేసే పిల్లలు చాలామంది చూసి నేర్చుకున్నవారే. చెయ్యి బాగా తిరుగుతుంది. కానీ ఎక్కువ ఫొటోలను ఒకేసారి డిజైన్‌లోకి తెచ్చినప్పుడు లోపల ఏం జరుగుతుందో వారికి ఎవరూ విడమరిచి చెప్పలేదు. అందుకే ఒకరోజు బొమ్మలు మాయమవుతాయి, ఒకరోజు కంప్యూటర్ బిగుసుకుపోతుంది, ఇంకొకరోజు ఒక ఫొటో గోడంత, మరో ఫొటో గోరంత వచ్చి కూర్చుంటాయి. ఇవి వేర్వేరు జబ్బుల్లా కనిపిస్తాయి. నిజానికి రెండు ప్రశ్నల దగ్గరే అన్నీ ముడిపడి ఉన్నాయి. ఫొటో ఎక్కడ నివసిస్తోంది? తన కొలత ఎంతని చెప్పుకుంటోంది? ఒక్క ఫొటో అయితే ఈ ప్రశ్నలు పట్టించుకోకపోయినా పని గడిచిపోతుంది. వంద ఫొటోల దగ్గర గడవదు.

ముందు ఒక అపోహ తొలగించుకోవాలి. ఇంక్‌స్కేప్, కోరల్‌డ్రా, ఇలస్ట్రేటర్ వంటివి వెక్టర్ సాఫ్ట్‌వేర్లు. వాటి ఫైలులో ఉండేది బొమ్మ కాదు, బొమ్మ గీయడానికి కావలసిన సూచనలు. ఇక్కడి నుంచి అక్కడికి ఒక గీత, ఇంత వ్యాసార్థంతో ఒక వృత్తం, దానికి ఫలానా రంగు, ఇలా ఉంటాయి. అందుకే ఆ గీతను ఎంత పెంచినా పదును తగ్గదు. ఫొటో అలాంటిది కాదు. అది రంగు చుక్కల నేత. ఒక్కో చుక్క ఒక పిక్సెల్. వెక్టర్ పత్రంలోకి తెచ్చినంత మాత్రాన ఫొటో వెక్టర్ అయిపోదు. పొలంలో పడవ పెట్టినట్టు, అది తన స్వభావంతోనే అక్కడ కూర్చుంటుంది. "వెక్టర్ ఫైలులోనే పెట్టాం కదా, పెద్దది చేస్తే ఎందుకు పగులుతోంది?" అని అడిగేవారికి సమాధానం ఇదే.

ఫొటోను గీతలుగా మార్చే పని వేరే ఉంది. దాన్ని ట్రేసింగ్ అంటారు. ఇంక్‌స్కేప్‌లో ఆ పనికి పీటర్ సెలింగర్ రాసిన పోట్రేస్ అనే పరికరాన్ని వాడుకున్నారు. నర్సాపురం లేసు అల్లికను నల్లటి గుడ్డ మీద పరిచి ఫొటో తీస్తే, ఆ తెల్లదారపు నమూనా ట్రేసింగ్‌కు చక్కగా లొంగుతుంది, ఎందుకంటే అక్కడ ఉన్నది రెండే రంగులు, స్పష్టమైన అంచులు. మందార పువ్వు ఫొటోను ట్రేస్ చేస్తే మాత్రం వేలకొద్దీ రంగు మరకలు వస్తాయి, పువ్వు పోతుంది. మొక్కల కేటలాగ్‌కు ఫొటో ఫొటోగానే ఉండాలి.

ఇక అసలు సంగతి. వెక్టర్ పత్రంలో ఫొటో రెండు రకాలుగా ఉండగలదు. మొదటిది లింక్. పత్రంలో ఫొటో ఉండదు, అది ఉన్నచోటి చిరునామా మాత్రమే ఉంటుంది. ఫలానా డ్రైవ్‌లో, ఫలానా ఫోల్డర్‌లో, ఫలానా పేరుతో అని. ఫైలు తెరిచిన ప్రతిసారీ సాఫ్ట్‌వేర్ ఆ చిరునామాకు వెళ్లి ఫొటోను తెచ్చి చూపిస్తుంది. రెండోది ఎంబెడ్. ఫొటో మొత్తం పత్రంలోకే వచ్చి స్థిరపడుతుంది, బయటి ఫైలుతో ఇక పనిలేదు.

మన డెల్టాలో పుట్టినవారికి ఇది కాలువకూ చెరువుకూ ఉన్న తేడా. ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం దగ్గర కట్టించిన ఆనకట్ట 1852లో పూర్తయింది. అప్పటి నుంచీ మన ఊళ్లకు నీరు కాలువల మీదుగానే వస్తోంది. కాలువలో నీరు మనది కాదు, ఎగువ నుంచి పారుతున్నంతసేపే మనది. దాళ్వా, అంటే రెండో పంట, కోతలయ్యాక వేసవిలో కాలువలు కట్టేస్తారు. ఆ సంగతి ఊరికి ముందే తెలుసు కాబట్టి, కాలువలు కట్టకముందే మంచినీటి చెరువులు నింపుకుంటారు. లింక్ కాలువ. ఎంబెడ్ చెరువు. ఇంట్లో ఉన్న కంప్యూటర్‌లో డిజైన్ చేసుకుంటున్నంతకాలం కాలువ పారుతూనే ఉంటుంది. ఫైలును పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి వేరే ఊరికి తీసుకువెళ్లిన క్షణాన కాలువ కట్టేసినట్టే. ఆ యువకుడు చెరువు నింపుకోకుండా వేసవిలోకి నడిచాడు.

అలాగని మొదటి నుంచీ అన్నీ ఎంబెడ్ చేసుకుంటే మేలని అనుకోకండి. దానికి చెల్లించాల్సిన ధర ఉంది. ఇంక్‌స్కేప్ వాడే ఎస్‌వీజీ రూపం అక్షరాలతో రాసిన ఫైలు. వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియం దాన్ని 2001లో ప్రమాణంగా ప్రకటించింది. నోట్‌ప్యాడ్‌లో తెరిచి చదువుకోవచ్చు. ఫొటో అక్షరాలు కాదు కాబట్టి, దాన్ని లోపల పెట్టాలంటే ముందు అక్షరాలుగా మార్చాలి. ఆ పద్ధతి పేరు బేస్64. ప్రతి 3 బైట్ల ఫొటోకు 4 అక్షరాలు రాస్తుంది. అంటే ఎంబెడ్ చేసిన ఫొటో మూడోవంతు బరువెక్కుతుంది. ఫోనుతో తీసిన ఒక్కో ఫొటో 4 మెగాబైట్లు అనుకుంటే, 120 ఫొటోలు 480 మెగాబైట్లు. ఎంబెడ్ చేశాక 640. అక్షరాలతో నిండిన అంత పెద్ద ఫైలును సేవ్ చేసిన ప్రతిసారీ మొత్తం తిరిగి రాయాలి. ఒక ధర మార్చి సేవ్ నొక్కినా, ఆ 640 మెగాబైట్లూ కదలాల్సిందే. లింక్ చేసిన ఫైలైతే కొన్ని వందల కిలోబైట్లతో సరిపోతుంది.

డిస్కు మీద బరువు ఒక ఎత్తు, మెమొరీలో బరువు ఇంకో ఎత్తు. ఈ రెండోది చాలామందికి తెలియదు, కంప్యూటర్ బిగుసుకుపోయేది మాత్రం దీనివల్లే. ఫోను ఫొటోలను దాచే జేపెగ్ అనే రూపం మడతపెట్టిన చాప లాంటిది. చంకలో పట్టేంత చిన్నదిగా ఉంటుంది, పరిస్తే గది నిండుతుంది. తెర మీద చూపించాలంటే పరవక తప్పదు. 4000 అడ్డం, 3000 నిలువు పిక్సెళ్ల ఫొటోలో కోటీ ఇరవై లక్షల చుక్కలు ఉంటాయి. ఒక్కో చుక్కకు మెమొరీలో 4 బైట్లు. అంటే 48 మెగాబైట్లు. డిస్కు మీద 4 మెగాబైట్లున్న ఫొటో తెర మీదకు వచ్చేసరికి పన్నెండు రెట్లయింది. అలాంటివి 120 అంటే దాదాపు 5.8 గిగాబైట్లు. చిన్న కొట్లలో 4 గిగాబైట్ల ర్యామ్‌తో నడిచే కంప్యూటర్ దాన్ని ఎలా మోస్తుంది? లింక్ అయినా ఎంబెడ్ అయినా ఈ భారం తగ్గదు, ఎందుకంటే చూపించేటప్పుడు చాప పరవాల్సిందే.

అందువల్ల నేను గట్టిగా చెప్పే మాట ఒకటుంది. వంద ఫొటోల పని, ఫొటోలను డిజైన్‌లోకి తెచ్చే ఇంపోర్ట్ మెనూ దగ్గర మొదలవదు, ఫోల్డర్‌లోనే మొదలవుతుంది. కేటలాగ్‌లో మొక్క ఫొటో 2 అంగుళాల వెడల్పు ఉంటుందనుకుందాం. మంచి ముద్రణకు అంగుళానికి 300 పిక్సెళ్లు చాలు. అంటే కావలసింది 600 పిక్సెళ్లు. మన దగ్గరున్నవి 4000. మిగతాదంతా ముద్రణలో ఎవరికీ కనిపించదు, కానీ కంప్యూటర్ మోయాలి. ఇర్ఫాన్‌వ్యూ వంటి సాఫ్ట్‌వేర్‌లో ఫోల్డర్ మొత్తాన్ని ఒకేసారి 600 పిక్సెళ్ల వెడల్పుకు కుదించే సదుపాయం ఉంది. 120 ఫొటోలైనా కొద్దిసేపట్లో అయిపోతుంది. 600కు 450 పిక్సెళ్ల ఫొటో మెమొరీలో పట్టేది ఒక మెగాబైటు పైచిలుకు. 5.8 గిగాబైట్లు కాస్తా 130 మెగాబైట్లకు దిగివస్తుంది. అసలు ఫొటోలను మాత్రం వేరే ఫోల్డర్‌లో భద్రంగా ఉంచుకోండి. కుదించినదాన్ని మళ్లీ పెంచలేం.

అదే ఊపులో పేర్లు కూడా మార్చుకోవాలి. ఫోను నుంచో వాట్సాప్ నుంచో వచ్చిన ఫొటోల పేర్లన్నీ తేదీలూ అంకెలూ. వాటిలో ఏది మల్లె, ఏది సన్నజాజి అనేది తెరిచి చూస్తే తప్ప తెలియదు. 001, 002 అని మూడంకెలతో మొదలుపెట్టి పక్కన మొక్క పేరు పెట్టండి. ఉత్త 1, 2 అని పెడితే కొన్నిచోట్ల 1 తర్వాత 10, 11 వచ్చి, ఆ తర్వాతెప్పుడో 2 వస్తుంది. ధరల పట్టిక ఒక వరుసలో, మొక్కల ఫొటోలు ఇంకో వరుసలో ఉంటే ఎంత గందరగోళమో నర్సరీవారికి వేరే చెప్పనక్కరలేదు.

ఇప్పుడు ఇంపోర్ట్. ఇంక్‌స్కేప్‌లో ఫైల్ మెనూలో ఉంటుంది, కంట్రోల్, ఐ కలిపి నొక్కినా వస్తుంది. షిఫ్ట్ పట్టుకుని మొదటి ఫొటో, చివరి ఫొటో నొక్కితే మధ్యవన్నీ ఎంపికవుతాయి. తెరవగానే ఒక చిన్న పెట్టె ప్రత్యక్షమై ఎంబెడ్ చేయాలా, లింక్ చేయాలా అని అడుగుతుంది. పక్కనే, మళ్లీ అడగవద్దని చెప్పే గడి ఒకటి ఉంటుంది. తొందరలో ఉన్నవారు ఆ పెట్టెను చదవకుండానే గడిలో టిక్ పెట్టి సరే అంటారు. ఇక అది నోరెత్తదు. ఆ రోజు ఏది ఎంపికై ఉంటే అదే పద్ధతి నెలల తరబడి మౌనంగా సాగిపోతుంది. మా యువకుడికి జరిగింది అదే. లింక్ అని ఎప్పుడు ఒప్పుకున్నాడో అతనికి గుర్తే లేదు. ప్రిఫరెన్సెస్‌లో ఇంపోర్ట్ చేసిన బొమ్మల విభాగానికి వెళ్లి, మళ్లీ అడిగేలా పెట్టుకోవచ్చు. పెట్టుకోండి.

అదే పెట్టెలో రెండో ప్రశ్న కూడా ఉంటుంది. అది కొలత గురించి. ఫొటోకు నిజానికి అంగుళాలు లేవు, ఉన్నవి పిక్సెళ్లే. ఫైలు లోపల మాత్రం అంగుళానికి ఇన్ని పిక్సెళ్లు అని ఒక చీటీ ఉంటుంది. కెమెరా ఒక అంకె రాస్తుంది, ఫోను ఇంకో అంకె రాస్తుంది, కొన్ని ఫొటోల్లో ఆ చీటీ ఉండనే ఉండదు. 4000 పిక్సెళ్ల ఫొటో మీద 72 అని ఉంటే పత్రంలోకి అది 55 అంగుళాలకు పైగా వెడల్పుతో దిగుతుంది. సరిగ్గా అదే ఫొటో మీద 300 అని ఉంటే 13 అంగుళాలకు కాస్త పైన. గోడంత, గోరంత కథ ఇదే. ఫొటోలో తేడా లేదు, చీటీలో తేడా ఉంది. కాబట్టి ఫైలులో ఉన్న అంకెను కాకుండా సాఫ్ట్‌వేర్ నిర్ణయించిన ఒకే అంకెను తీసుకోమని చెబితే, ఒకే వెడల్పుకు కుదించిన ఫొటోలన్నీ ఒకే కొలతతో వస్తాయి. ఇంక్‌స్కేప్ లెక్క అంగుళానికి 96. 2017లో వచ్చిన 0.92 వెర్షన్‌కు ముందు ఇది 90 ఉండేది. పాత ఫైళ్లు కొత్త వెర్షన్‌లో కొలత మారినట్టు కనిపించడానికి కారణం అదే.

ఆ లెక్కన 600 పిక్సెళ్ల ఫొటో 6.25 అంగుళాలతో దిగుతుంది. దాన్ని 2 అంగుళాలకు తగ్గిస్తే పిక్సెళ్లు ఎక్కడికీ పోవు, దగ్గరగా జరుగుతాయి. అంగుళానికి 300 అవుతాయి. ముద్రణలో లెక్కకు వచ్చేది ఈ చివరి అంకె మాత్రమే.

ఫొటోలు దిగాక తెర మీద ఒక్కటే కనిపిస్తే కంగారు పడకండి. సాధారణంగా అన్నీ ఒకేచోట, దొంతరలా ఒకదాని మీద ఒకటి వచ్చి పడతాయి. ఒక్కటే వచ్చిందనుకుని మళ్లీ ఇంపోర్ట్ చేసినవారు నాకు తెలుసు. అప్పుడు 120 కాస్తా 240 అవుతాయి, పైవి కదిపాక గానీ కిందివి ఉన్నాయని తెలియదు. దొంతర మొత్తాన్ని ఎంచుకుని ఆబ్జెక్ట్ మెనూలోని అలైన్ అండ్ డిస్ట్రిబ్యూట్‌లో గ్రిడ్‌కు (పాత వెర్షన్లలో అరేంజ్‌కు) వెళ్తే, ఎన్ని అడ్డవరుసలు, ఎన్ని నిలువువరుసలు, మధ్య ఎంత ఖాళీ అని అడిగి నారుమడిలా పరిచేస్తుంది. కొలత తగ్గించేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. అన్నీ ఎంచుకుని పైన కనిపించే గడిలో వెడల్పు 2 అంగుళాలని కొడితే, గుంపు మొత్తం కలిసి 2 అంగుళాలు అయిపోతుంది. ట్రాన్స్‌ఫార్మ్ అనే పలకలో, ప్రతి వస్తువుకూ విడివిడిగా వర్తించమని చెప్పే గడి ఉంది. టిక్ పెట్టాల్సింది దానికి.

కోరల్‌డ్రా పద్ధతి వేరు. ఎన్ని ఫొటోలు ఎంచుకున్నా అవి బాణం గుర్తుకు అంటుకుని వరుసలో నిలబడతాయి. నొక్కినచోటల్లా ఒకటి దిగుతుంది, లాగితే లాగినంత కొలతతో దిగుతుంది, ఎంటర్ కొడితే పేజీ మధ్యలో దిగుతుంది. ఇలస్ట్రేటర్‌కు ఈ సదుపాయం 2013లో వచ్చిన సీసీ వెర్షన్‌తో వచ్చింది. అక్కడ దాని పేరు ప్లేస్. వరుసలో ముందున్న ఫొటో నచ్చకపోతే బాణం మీటలతో తర్వాతిదానికి వెళ్లవచ్చు. చెయ్యి అలవాటైనవారికి ఈ పద్ధతే హాయి. వందలకొద్దీ ఫొటోలకు మాత్రం నేను పరిచే పద్ధతికే ఓటేస్తాను.

ఫ్లెక్సీల దగ్గర లెక్క తిరగబడుతుంది. కోనసీమలో కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి ఏకాదశ రుద్రుల ప్రభలు కదిలే వేళకు దారి పొడవునా ఫ్లెక్సీలు వెలుస్తాయి. ఒక్కో ఫ్లెక్సీలో శుభాకాంక్షలు చెప్పేవారి ముఖాలు నలభై దాకా ఉంటాయి. 6 అడుగులకు 4 అడుగుల ఫ్లెక్సీని దూరం నుంచి చూస్తారు కాబట్టి అంగుళానికి 72 పిక్సెళ్లతోనే పని నడుస్తుంది. మొత్తం 5184కు 3456 పిక్సెళ్లు. అందులో 5 అంగుళాల ముఖానికి కావలసింది 360 పిక్సెళ్లే. వాట్సాప్‌లో వచ్చిన ఫొటో కూడా సరిపోతుంది, అది ఆ మనిషి ఒక్కరి ఫొటో అయితే. పెళ్లిలో అందరితో కలిసి దిగిన ఫొటో నుంచి ఒక ముఖం కత్తిరిస్తే 60, 70 పిక్సెళ్లు మిగులుతాయి. ఆ ముఖం ఫ్లెక్సీ మీద గళ్లు గళ్లుగా వస్తుంది. ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని కాపాడలేదు. వాట్సాప్ మామూలుగా పంపిన ఫొటోను కుదించేస్తుంది. డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నది ఉన్నట్టు వస్తుంది. పంపేవారికి ఈ ఒక్క మాట ముందే చెబితే కొట్టువారి సగం శ్రమ తగ్గుతుంది.

ముఖాన్ని గుండ్రంగా చూపించడానికి ఇంక్‌స్కేప్‌లో క్లిప్, కోరల్‌డ్రాలో పవర్‌క్లిప్ వాడతారు. అక్కడ కత్తిరింపు జరగదు, మూత మాత్రమే పడుతుంది. వృత్తం బయటి భాగం ఫైలులోనే ఉంటుంది, దాని బరువూ ఉంటుంది. ఎంబెడ్ చేసిన ఫైలును ఇంకొకరికి ఇస్తే వారు మూత తీసి మొత్తం ఫొటో చూడగలరు. ఫోను ఆ ఫొటోలో తీసిన చోటు వివరం రాసి ఉంటే అదీ వారికి అందవచ్చు. ఆడపిల్లల ఫొటోలు, ఇంటి లోపలి ఫొటోలు డిజైన్‌లో పెట్టేవారు దీన్ని తేలికగా తీసుకోకూడదు. నిజంగా కత్తిరించి, ఆ తర్వాతే ఇంపోర్ట్ చేయాలి.

ప్రతి పేజీలోనూ వచ్చే నర్సరీ ముద్ర వంటిదాన్ని మాత్రం పదేపదే ఇంపోర్ట్ చేయకండి. ఒకసారి తెచ్చి, ఆల్ట్, డీ నొక్కి క్లోన్ చేయండి. క్లోన్ అసలుదాన్నే చూపిస్తుంది కాబట్టి బరువు పెరగదు. ఎంబెడ్ చేసిన బొమ్మను డూప్లికేట్ చేస్తే ఆ అక్షరాల మూట ఇంకోసారి చేరుతుంది.

పని పూర్తయ్యాక చెరువు నింపాలి. ఇంక్‌స్కేప్‌లో ఎక్స్‌టెన్షన్స్ మెనూలో ఇమేజెస్ కింద, లింక్ చేసిన ఫొటోలను ఎంబెడ్ చేసే ఆదేశం ఉంది. లేదా సేవ్ చేసేటప్పుడు, ఫొటోలతో సహా ఒకే జిప్ మూటగా కట్టే రూపాన్ని ఎంచుకోవచ్చు. ఇలస్ట్రేటర్‌లో ప్యాకేజ్, కోరల్‌డ్రాలో కలెక్ట్ ఫర్ అవుట్‌పుట్ ఇదే పని చేస్తాయి. ముద్రించేవారు డిజైన్‌లో ఏమీ మార్చనవసరం లేకపోతే పీడీఎఫ్ అన్నిటికన్నా సులువు. పీడీఎఫ్ చేసినప్పుడు లింక్ ఫొటోలు కూడా లోపలికే వచ్చేస్తాయి. ఏ దారిలో వెళ్లినా, ఇచ్చే ముందు ఆ ఒక్క ఫైలునే పెన్‌డ్రైవ్‌లోకి తీసుకుని, వేరే కంప్యూటర్‌లో పెట్టి తెరిచి చూడండి. అదే కంప్యూటర్‌లో చూస్తే ఏమీ తెలియదు, ఎందుకంటే అక్కడ కాలువ ఇంకా పారుతూనే ఉంటుంది.

ఆ యువకుడు మర్నాడు ఫొటోలన్నీ కుదించి, అవే పేర్లతో, కేటలాగ్ ఫైలు పక్కనే ఒక ఫోల్డర్‌లో పెట్టి, లింకులు సరిచేసుకున్నాడు. ముద్రణకు పీడీఎఫ్ ఇచ్చాడు. లింకుల ఫైలును, ఫోల్డర్‌ను మాత్రం చెరిపివేయవద్దని చెప్పాను. వచ్చే ఏడాది నూరువరహాల్లో కొత్త రంగు వస్తే, ఆ కొత్త ఫొటోను అదే కొలతకు కుదించి, పాత ఫొటో పేరే పెట్టి, ఫోల్డర్‌లో దాని స్థానంలో ఉంచితే సరిపోతుంది. కేటలాగ్ తెరిచేసరికి ఆ పువ్వు తన గడిలో ఉంటుంది. ధర ఒక్కటి మార్చుకుంటే చాలు.